మా రిజిస్టర్ బాగుచేసిన పెద్దాయనకి, ఇంకా అందరికీ వందనాలు

అందరికీ వందనాలండి, హ్యాపీ న్యూ ఇయర్. తెల్లవారుజాము మూడవుతోంది, వాచ్‌నైట్ ఆరాధన అయ్యి ఇప్పుడే ఇంటికొచ్చాం, కాళ్ళు లాగేస్తున్నాయి కానీ నిద్ర రావట్లేదు, ఇప్పుడు రాయకపోతే ఇంక రాయను.

మాది విజయవాడ సింగ్‌నగర్‌లో చిన్న క్రైస్తవ సంఘం. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం, పైగా మొదటి ఆదివారం, బల్ల (ప్రభు రాత్రి భోజనం) ఉంది, ద్రాక్షరసం సీసా సంచిలో పెట్టుకుని తల దువ్వుకుంటున్నా, గుమ్మంలోకి నీళ్ళొచ్చేశాయి. బుడమేరు వాగుకి మూడు చోట్ల గండి పడిందని తర్వాతెప్పుడో తెలిసింది. మందిరంలో కిటికీల పైదాకా నీళ్ళు, రోజుల తరబడి కదల్లేదు. కీబోర్డు, మైకు సెట్టు, బెంచీలు అన్నీ పోయాయి, వాటికి ఏడవలేదు నేను. బీరువా కింద అరలో ఉబ్బిపోయిన సంఘం రిజిస్టర్ చూసి ఏడ్చాను. 1987 నుంచి బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు అన్నీ అందులోనే, మా అమ్మ పేరూ అందులోనే. ప్రతి డిసెంబర్ 31న పన్నెండు దాటాక పాస్టరు గారు అది తెరిచి ఒక్కో కుటుంబం పేరు చదివి ప్రార్థన చేస్తారు.

ఎవరో చెప్తే ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక బైండింగ్ షాపుకి పట్టుకెళ్ళాను. పెద్దాయన, లుంగీ, చేతులనిండా మైదా జిగురు. చూడగానే తిట్టారు. "ఎండలో ఎవరు పెట్టమన్నారమ్మా, అప్పడంలా అయిపోయింది" అని. రెండు నెలలు తిప్పారండి, వెళ్ళినప్పుడల్లా "తొందరపెడితే చిరిగిపోద్ది" అనేవారు, నేను బయటికొచ్చి విసుక్కునేదాన్ని, ఇప్పుడు సిగ్గేస్తోంది. మొన్న 30న వెళ్తే కొత్త అట్ట, కాలికో గుడ్డ, దారంతో కుట్టి ఇచ్చారు. అంటుకుపోయిన పేజీలన్నీ పుల్లతో ఒక్కొక్కటే విడదీశారంట. బాల్‌పెన్ను రాతలు ఉన్నాయి, సిరా పెన్నుతో రాసిన పాతవి నీలంగా అలుక్కుపోయాయి. ఆ పేజీల మధ్య చీటీలు పెట్టారు, పెన్సిల్‌తో "7వ లైను, ఇలా ఉన్నట్టుంది, మీరు చూసుకోండి" అని. భూతద్దం పెట్టుకుని చదివారంట, మా వాళ్ళ పేర్లు, ఆయనకెవరూ తెలియదు! అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చేశాను. గుడ్డకైన నూటఇరవై తీసుకుని మిగతా డబ్బులు నా సంచిలోనే పడేశారు. పేరడగడం కూడా మర్చిపోయాను, ఆయనది బటన్ ఫోను, ఇది చూడరు కూడా.

రాత్రి పాస్టరు గారు ఆ చీటీలు చూసే చదివారు. ఒక మామ్మ పేరు బైండింగ్ పెద్దాయనకి వేరేలా కనపడింది, పాస్టరు గారు అలాగే చదివేశారు, మామ్మ లేచి "అది నేనేనయ్యా" అంది. సెప్టెంబర్ తర్వాత మందిరంలో అందరం కలిసి నవ్వడం అదే మొదలు.

మా ఆయన, తమ్ముడు బురద ఎత్తారు, వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

ఒక్కటి మాత్రం అనకుండా ఉండలేను. కింద పోర్షన్ మునిగిన ఇళ్ళకి ప్రభుత్వం వాళ్ళు 25,000 అన్నారు, మా వాళ్ళలో కొంతమందికి పడ్డాయి, కొంతమందికి ఇప్పటికీ లిస్టులో పేరే లేదు, ఆధార్ జిరాక్సులు ఎన్నిసార్లిచ్చామో లెక్కలేదు. మందిరం సంగతి అడిగితే సర్వేకొచ్చినాయన "ఇల్లూ కాదు షాపూ కాదు, ఏ కాలమ్‌లో రాయాలి" అని నన్నే అడిగాడు. అసలు ఆ రోజు నీళ్ళొస్తున్నాయని ముందు ఒక్క మైకైనా మా వీధిలో తిరగలేదు. సరే వదిలేయండి, కొత్త సంవత్సరం పూట.

అయ్యో మర్చిపోయా, మూడో రోజు పడవలో మేడల దాకా భోజనం పొట్లాలు తెచ్చిన మసీదు కుర్రాళ్ళకి, పైపు పెట్టి హాలు కడిగిన ఫైరింజన్ వాళ్ళకి, రాత్రి మైకు సెట్టు అద్దె తీసుకోకుండా ఇచ్చిన తమ్ముడికి, చాపలు పంపిన గుంటూరు సంఘం వాళ్ళకి చాలా చాలా థ్యాంక్స్. ఇంకా ఎవర్నైనా వదిలేస్తే తిట్టుకోకండి, గుర్తొచ్చినప్పుడు కలుపుతాను.

5వ తారీఖు ఆదివారం బల్ల ఉంది. బెంచీలు ఇంకా రాలేదు, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు కుర్చీ తెచ్చుకోండి.