అంబాసిడరా, మారుతి 800నా: మైలేజీ కంటే ముందు వేడి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అంబాసిడర్‌నూ మారుతి 800నూ పోల్చిన వ్యాసం రెంటినీ వింటేజ్ అంది, అంబాసిడర్‌కు లారీ ఛాసిస్ అంది, పోలికలో మాత్రం మైలేజీ, సీట్ల సౌఖ్యం దగ్గరే ఆగిపోయింది. హైదరాబాద్‌లో పాత కారు కొనేవాళ్లకు ముందు తెలియాల్సింది వేరు. మే నెలలో మెహదీపట్నం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏ బండి ఏం చేస్తుంది?

1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్ ఉన్న పెట్రోల్ అంబాసిడర్‌లో రేడియేటర్ ఫ్యాన్ బెల్టు మీద తిరుగుతుంది. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉంటే ఫ్యానూ నెమ్మదిస్తుంది, గాలి ఎక్కువ కావాల్సిన చోటే తక్కువ అందుతుంది. పైగా పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్ ఉండేది వేడి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పైనే. వేడి మీదున్న బండిని ఆపి, పది నిమిషాలాగి స్టార్ట్ చేస్తే మొరాయించేది అందుకే, లోపల పెట్రోల్ మరిగిపోతుంది. బండిలోని పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేయడం ఆ పూటకు గట్టెక్కే ఉపాయమే. రేడియేటర్ విప్పించి రాడింగ్ (లోపలి గొట్టాలను కడ్డీలతో శుభ్రం చేయడం) చేయించాలి, బెల్టు మధ్యలో వేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. అయినా ఇంజన్ పైభాగమైన హెడ్డూ, సిలిండర్లుండే బ్లాకూ రెండూ పోత ఇనుమే కాబట్టి కాస్త వేడెక్కినా ఓర్చుకుంటుంది.

మారుతికి ఆ ఓర్పు లేదు. దాని 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్‌కు బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం. ఫ్యాన్ కరెంటుది, బండి కదలకపోయినా జోరుగా తిరుగుతుంది. అది తిరిగినన్నాళ్లూ చింత లేదు. వేడెక్కితే ఫ్యాన్‌ను ఆన్ చేసే థర్మో స్విచ్చో ఫ్యూజో పోయాక, వేడి చూపే మీటరు సూది ఎర్రగీత దాటినా ‘ఇల్లు దగ్గరే కదా’ అని నడిపితే హెడ్డు వంగి, దానికీ బ్లాకుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ పోతుంది. సైలెన్సర్ నుంచి ఆగని తెల్లపొగ, ఆయిల్ మూత అడుగున మీగడ రంగు జిడ్డు దానికి గుర్తులు. గ్యాస్కెట్ ఒక్కటే మార్చి బిగిస్తే మళ్లీ పోతుంది. హెడ్డు మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కుబద్ద) ఆనించి, సందు కొలిచే పలుచని రేకులైన ఫీలర్ గేజ్ పెట్టాలి, సందు 0.05 మి.మీ. మించితే ఫేసింగ్ (మర మీద చదును చేయించడం) తప్పదు. కొనేముందు ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఫ్యాన్ తనంతట తాను తిరిగేదాకా బోనెట్ ఎత్తి చూడండి. సూది పైకి పోతున్నా తిరగకపోతే ఇంజన్ ఆపి, మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. తిరిగితే మోటారు మంచిదే, లోపం స్విచ్, రిలే, ఫ్యూజు, వైరింగ్‌లలో వెతకాలి.

‘అంబాసిడర్‌కు లారీ ఛాసిస్’ అన్న మాట మాత్రం పొరపాటు. అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే బ్రిటిష్ కారు నుంచి వచ్చిన మోనోకాక్ బాడీ, అంటే విడి ఛాసిస్ లేకుండా బాడీయే బరువంతా మోస్తుంది. కాబట్టి తలుపుల కింది పెట్టెభాగం తుప్పు పడితే బండి నడుమే సడలుతుంది. పెయింట్ మెరుపు చూసి మోసపోకుండా అయస్కాంతం ఆనించండి, అంటుకోని చోట పుట్టీ ఉన్నట్టే. జాకీ మీద ఒక పక్క ఎత్తినప్పుడు ఆ వైపు తలుపు పట్టేస్తే బేరం వదిలేయడం మేలు.

ఇక రెంటినీ వింటేజ్ అనడం. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని బండికే ఆ రిజిస్ట్రేషన్. మారుతి 800 వచ్చిందే 1983 డిసెంబరులో, అంటే 2033 దాకా ఏ మారుతికీ ఆ అర్హత రాదు. అర్హత ఉన్న అంబాసిడర్‌కైనా రూ.20 వేలు కట్టి పదేళ్ల రిజిస్ట్రేషన్ తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు తప్ప రోజూ తిప్పకూడదు. ఆఫీసుకు నడుపుకోవాలనుకునేవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్