ఈ సంక్రాంతికి సగం ఆర్డర్లే

మన షాపు వాడుక కస్టమర్లకి నమస్కారం. ఈ సంక్రాంతికి పూతరేకుల ఆర్డర్లు సగమే తీసుకుంటున్నాం. డబ్బు కట్టేసినవాళ్లలో ఎవరికి ఇవ్వలేకపోతే వాళ్లకి శనివారంలోపు పూర్తిగా వెనక్కి వేసేస్తాం. సరుకు లేదని ఒక బోర్డు తగిలించి ఊరుకోవచ్చు గానీ, ఏళ్లుగా కొంటున్నవాళ్లకి అలా చెప్పబుద్ధి కాలేదు.

రేకు తీసే ఆరుగురిలో నలుగురు దీపావళి తర్వాత ఒకే రోజు మానేశారు. మా ఆత్రేయపురంలో ఆ పని వచ్చినవాళ్లకి కొదవలేదు. మా గుమ్మం తొక్కడానికే ఎవరూ ఇష్టపడలేదు.

జరిగింది ఇదీ. రేకులు ఎక్కువ చిట్లుతున్నాయని మా తమ్ముడి కొడుకుని లెక్క రాయడానికి కూర్చోబెట్టాను. బీకాం చదివాడు, పొయ్యి ముందు ఒక్క పూట కూర్చుని ఎరగడు. చిట్లిన రేకుకల్లా కూలి కోశాడు. అందరిలో పెద్దావిడ, నాకు పని నేర్పిన మనిషి, "గాలికి మంట పక్కకి పోతోంది, తడిక వేయించమని రెండు నెలల్నుంచీ చెప్తున్నాం కదమ్మా" అంది. "లెక్క లెక్కే" అన్నాను. లెక్క పెట్టడం తప్పని ఇప్పటికీ అనుకోను. తడిక మాత్రం వాళ్లు వెళ్లిన మర్నాడే వేయించాను.

తర్వాత మూడు రాత్రులు నిద్ర లేదు. వేరే ఊరి నుంచి రేకు తెచ్చి ఇస్తానని ఒకాయన వచ్చాడు. నెయ్యికి, జీడిపప్పుకి అప్పటికే డబ్బు కట్టేశాం. ఆ రేకు వెలుతురుకి పట్టి చూశాను, అవతల నా వేళ్లే కనబడలేదు. నోట్లో వేస్తే అంగిలికి అతుక్కుంది. "నెయ్యీ పంచదారా పడితే ఎవరు కనిపెడతారు" అన్నారు మా ఆయన. ఆయనకి షుగరు, పూతరేకు తిని ఆరేళ్లయింది. 2023లో మా ఊరి పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఆ పేరు పెట్టె మీద వేసి లోపల పక్క ఊరి రేకు చుట్టి పెట్టడానికి చేతులు రాలేదు. రేకు తెచ్చినాయన్ని పంపేశాను.

ఇప్పుడు ఐదుగురు కొత్తమ్మాయిలు నేర్చుకుంటున్నారు. జయ రకం బియ్యం పిండిలో బట్ట ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగాలి. చెయ్యి ఆగితే అక్కడే చిల్లు. మొదటి రోజు ఒకమ్మాయి అరవై లాగితే పదకొండు నిలిచాయి. నేర్చుకున్నన్నాళ్లూ చిట్లినా చిల్లుపడినా కూలి పూర్తిగా ఇస్తున్నాం. మా వాణ్ణి కూడా కొబ్బరాకుల మంట ముందు కూర్చోబెట్టాను. రెండు వేళ్లు కాలాక లెక్కల పుస్తకం ఊసెత్తడం లేదు.

పెద్దావిడ ఇంటికి వెళ్లాను. కాఫీ ఇచ్చింది, రానంది. మళ్లీ అడగను. ఆమె పొయ్యి దగ్గర మాత్రం ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

ఈసారి ఇంటికి రెండు పెట్టెలే, బెల్లంవైనా పంచదారవైనా. ఎక్కువ కావాలని మా ఆయనకి ఫోన్ చేయకండి, ఆయన సరేననేస్తారు.