‘బందిపోటు’ అన్న మాట దగ్గరే వచ్చింది చిక్కు

సంపాదకులకు,

ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచే ఇంగ్లండు జానపద వీరుడు రాబిన్ హుడ్ కథతో బీబీసీ తీసిన ‘రాబిన్ హుడ్’ సీరియల్ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. 2006 అక్టోబరులో మొదలై 2009 జూన్‌లో ముగిసిన ఆ సీరియల్‌ను (సీజన్‌కు 13 చొప్పున మొత్తం 39 భాగాలు) వ్యాసకర్త మూడు విషయాల్లో తప్పుపట్టారు. కథ ‘అసలు’కు దూరమైందన్నది మొదటిది. జాక్ అనే సారాసిన్ (నాటి యూరప్‌వాళ్లు ముస్లింలను పిలిచిన పేరు) అమ్మాయిని రాబిన్ ముఠాలో ఇరికించారన్నది రెండోది. రాబిన్ ప్రియురాలు మేరియన్‌ను చంపేసి కథను నాశనం చేశారన్నది మూడోది. మూడు బాణాలూ గురి తప్పాయి. సీరియల్‌లో లోపాలు లేవని కాదు, బోలెడున్నాయి, కాకపోతే అవి ఉన్నది వేరే చోట. వాటిలో ఒకటి వ్యాసంలోనూ దూరింది. మొదటి వాక్యం నుంచి చివరిదాకా రాబిన్‌ను ‘బందిపోటు’ అన్నారు.

ముందు ‘అసలు’ సంగతి చూద్దాం. వ్యాసకర్త చెప్పే అసలు రాబిన్ లాక్స్‌లీ ప్రభువు, రిచర్డ్ రాజు భక్తుడు, మేరియన్ ప్రియుడు. పాత గాథల్లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. రాబిన్ పాటల ప్రస్తావన మనకు మొదట దొరికేది 1377 ప్రాంతపు ఒక ఇంగ్లీషు కావ్యంలో. ప్రార్థన సరిగ్గా అప్పజెప్పడం రాని సోమరి పూజారి ఒకడు, రాబిన్ హుడ్ పాటలు మాత్రం తనకు బాగా వచ్చంటాడు. 1500 ప్రాంతంలో అచ్చయిన, 456 చరణాల ‘గెస్ట్’ అనే పెద్ద గాథలో రాబిన్ యోమన్. అంటే ప్రభువూ కాదు, కట్టుబానిసా కాదు, సొంత కాళ్ల మీద నిలబడ్డ మధ్యతరగతి మనిషి. అక్కడి రాజు పేరు ఎడ్వర్డ్. రిచర్డ్ కాలానికి (12వ శతాబ్దం చివరికి) కథను ముడిపెట్టింది 1521లో జాన్ మేజర్ అనే స్కాట్లండ్ చరిత్రకారుడు. హంటింగ్డన్ ఎర్ల్ పదవి కట్టబెట్టింది 1598లో ఆంటొనీ మండే నాటకాలు. లాక్స్‌లీ ఊరి పేరు 1600 ప్రాంతపు ఒక చేతిరాత జీవితచరిత్రలో తేలుతుంది. మేరియన్ ఫ్రెంచి గొల్లపాటల్లోంచి మే నెల జాతర ఆటల మీదుగా నడిచొచ్చింది. ముఠాలోని సన్యాసి ఫ్రయర్ టక్ ఉన్నాడే, ఆ పేరు 1417లో ససెక్స్‌లో పోలీసు పని చేసేవాళ్లను తిప్పలు పెట్టిన నిజమైన దొంగ మారుపేరు. లిండ్‌ఫీల్డ్ చర్చి పూజారి రాబర్ట్ స్టాఫర్డ్ పెట్టుకున్న పేరది.

ఇన్ని చేతులు మారిన కథకు 2006లో ఇంకో చెయ్యి తగిలితే గోల ఎందుకు? సారాసిన్ పాత్ర కూడా బీబీసీ కనిపెట్టిందేం కాదు. 1984 నాటి ఐటీవీ సీరియల్‌లో నాసిర్ ఉన్నాడు. మొదటి కథలోనే చచ్చిపోవాల్సిన పాత్ర, పోషించిన నటుడు నచ్చడంతో బతికి బట్టకట్టింది. ఇప్పుడది ఆనవాయితీ అయి కూర్చుంది. ఇంకో ముచ్చట: బుల్లితెర తొలి రాబిన్, 1953లో బీబీసీకే నటించిన పాట్రిక్ ట్రౌటన్. 2006 సీరియల్‌లో రాబిన్ అనుచరుడు మచ్‌గా వేసిన సామ్ ట్రౌటన్ ఆయన మనవడే.

ఇక ‘బందిపోటు’. దానికి మూలమైన ఇంగ్లీషు మాట ‘అవుట్‌లా’కు దొంగతనంతో నేరుగా సంబంధం లేదు. అది కోర్టు వేసే ముద్ర. తెలుగులో దగ్గరి మాట కావాలంటే ‘వెలి’ ఉంది. ఊరు వెలివేస్తే ఊరి నీళ్లు, నిప్పు బంద్. చట్టం వెలివేస్తే చట్టం ఇచ్చే రక్షణ బంద్. ఆ వెలి ఒక్కపూటలో పడేది కాదు. నేరం మోపబడ్డవాడు కనిపించకపోతే జిల్లా కోర్టులో అతని పేరు పెట్టి పిలుస్తారు. ఆ కోర్టు కూడేది నెలకొకసారి. వరుసగా కోర్టులు కూడిన ప్రతిసారీ పిలుస్తారు. అయిదో కోర్టుకూ రాకపోతే అప్పుడు వెలి ప్రకటిస్తారు. అంటే నాలుగైదు నెలల వ్యవహారం. ఆడవాళ్ల విషయంలో దీనికి వేరే మాట వాడేవాళ్లు, వాళ్లను చట్టం ‘విడిచిపెట్టింది’ అనేవాళ్లు.

వెలిపడ్డవాడి తలను ‘తోడేలు తల’ అనేవాళ్లు. తోడేలును ఎవరైనా చంపొచ్చు కదా, అలా. కాకపోతే 13వ శతాబ్దానికి ఈ లెక్క మారింది. పారిపోతూనో తిరగబడుతూనో ఉంటేనే చంపొచ్చు, చేతికి చిక్కాక చంపితే చంపినవాడు జవాబు చెప్పుకోవాలి అని నాటి న్యాయగ్రంథం బ్రాక్టన్ చెబుతుంది. వేల్స్ సరిహద్దున ఉన్న హెరెఫర్డ్, గ్లాస్టర్ జిల్లాల్లో మాత్రం పాత పద్ధతే సాగిందట. సామాన్లు రాజుకు జప్తు. భూమి ఏడాది ఒక రోజు రాజు చేతిలో ఉండి, తర్వాత పై ప్రభువుకు పోతుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రాబిన్‌ను వెలివేస్తే ఎవరికెంత లాభమో ఈ నియమాలే చెబుతున్నాయి. రాబిన్ శత్రువు గిస్బోర్న్ గై లాక్స్‌లీ భూమి కోసం కాచుకు కూర్చోవడానికి ఇంతకన్నా మంచి ఇంధనం ఏ రచయితకు దొరుకుతుంది? సీరియల్ మొదటి భాగంలో మాత్రం ఉరికంబం దగ్గర రాబిన్ అడ్డం తిరగ్గానే వెలి ఖాయం. అయిదు కోర్టుల ఉత్కంఠ, ఆ మధ్య నెలల్లో లొంగిపోవాలా పారిపోవాలా అన్న గుంజాటన అంతా గాలికి పోయింది. నా అసలు ఫిర్యాదు ఇదీ. పాత్రల్ని మార్చినందుకు కాదు, చేతికందిన కథను పారేసుకున్నందుకు.

పుస్తకాల్లో లేదు, గుమాస్తాల చిట్టాల్లో ఉంది ఇంకో మంచి సంగతి. 1225లో యార్క్ విచారణల్లో పారిపోయిన రాబర్ట్ హాడ్ (రాబిన్ అన్నది రాబర్ట్‌కు ముద్దుపేరే) అనేవాడి సామాను 32 షిల్లింగుల 6 పెన్నీలకు జప్తు రాశారు. 1262లో బెర్క్‌షైర్‌కు చెందిన ఒక వెలిపడ్డ విలియం పేరును గుమాస్తా ‘విలియం రోబెహాడ్’ అని మార్చి రాశాడు. వాడి తండ్రి పేరు రాబర్ట్, ఇంటిపేరు కమ్మరి. అంటే అప్పటికే ఆ పేరు వెలిపడ్డవాళ్లకు తగిలించే ముద్దుపేరైంది.

అడవి దగ్గర కూడా మాట తికమకే. రాబిన్ దాక్కునే షెర్‌వుడ్ ‘ఫారెస్ట్’ అంటే చెట్ల గుంపు అనుకోకూడదు. రాజు వేట కోసం ప్రత్యేక చట్టం నడిచే ప్రాంతమది. అందులో ఊళ్లూ, పొలాలూ, ఇసుక నేల మీద చెట్టూచేమా లేని బంజరూ ఉంటాయి. షెర్‌వుడ్‌లో చాలా భాగం అలాంటి బంజరే, మధ్యమధ్య ఓక్, బర్చ్ చెట్లు. బుడాపెస్ట్ పరిసరాల్లో తీసిన సీరియల్‌లో కనిపించే పచ్చటి చిక్కటి అడవిలో దాక్కోవడం తేలిక. నిజం షెర్‌వుడ్‌లో దాక్కోవడానికి తెలివి కావాలి. అడవి చట్టం నడిపేది షెరీఫ్ (రాజు తరఫున జిల్లాను చూసే అధికారి) కాదు, దానికి వేరే అధికారులు. జింక మాంసం, పచ్చని చెట్టు రెండింటికీ కాపలా వాళ్లదే. అడవిలో ఉండే కుక్కలు జింకను తరమకుండా ముందుకాలి మూడు గోళ్లు నరికించాలి. నరికించని కుక్క యజమానికి 1217 నాటి అడవి శాసనం ప్రకారం 3 షిల్లింగుల జరిమానా. జింక కోసం ఎవరి ప్రాణమూ, అవయవమూ తీయకూడదని చెప్పింది కూడా ఆ శాసనమే. సీరియల్ కథ దానికి పాతికేళ్ల ముందు 1192లో జరుగుతుంది కాబట్టి అందులో కాఠిన్యం ఎక్కువుంటే తప్పు పట్టను. కానీ పన్ను, కోర్టు, అడవి, ఉరి అన్నిటికీ ఒక్క షెరీఫే అయ్యేసరికి నాటకం ఇరుకైపోయింది. అసలు నాటింగ్‌హామ్‌షైర్, డర్బీషైర్ రెండిటికీ కలిపి ఒకే షెరీఫ్ ఉండేవాడు, ఆయనకు అడవి అధికారులతో పేచీ పెట్టించి ఉంటే రాబిన్‌కు ఎన్ని సందులు దొరికేవో.

పాత గాథల్లో రాబిన్ ఎక్కువగా మసలేది షెర్‌వుడ్ కూడా కాదు, యార్క్‌షైర్‌లోని బార్న్స్‌డేల్. నాటింగ్‌హామ్‌కు దాదాపు 50 మైళ్లు. లండన్ నుంచి ఉత్తరానికి పోయే పెద్ద బాట దాని మీదుగానే వెళ్తుంది. 1306లో స్కాట్లండ్ నుంచి వచ్చే ముగ్గురు మతాధికారులకు కాపలాగా ఉన్న విలుకాళ్లను ‘బార్న్స్‌డేల్ కారణంగా’ 20 మందికి పెంచారని లెక్కల్లో ఉంది. అంతకుముందు 1285 శాసనం పెద్ద బాటలకు రెండు పక్కలా 200 అడుగుల మేర పొదలూ గుంతలూ లేకుండా నరికించమంది. పెద్ద ఓక్ చెట్లకు మాత్రం మినహాయింపు. దొంగ నక్కే పొద ఎంత దూరంలో ఉండాలో కొలిచి రాసిన చట్టమది.

డబ్బు విషయం ఇంకా సరదా. తెర మీద రాబిన్ కథ అనగానే గలగలలాడే బంగారు నాణేల సంచీ రావాల్సిందే. రిచర్డ్ కాలం ఇంగ్లండులో చెలామణి నాణెం ఒక్కటే, వెండి పెన్నీ. షిల్లింగు, మార్కు, పౌండు లెక్కల్లో ఉన్నాయే తప్ప చేతిలో పట్టుకునే నాణేలు కావు. పౌండుకు 240 పెన్నీలు, పెన్నీ బరువు గ్రామున్నర కంటే కాస్త తక్కువ. ‘గెస్ట్’లో రాబిన్ ఒక పేద నైటుకు 400 పౌండ్లు అప్పిస్తాడు. ఆ బరువు పెన్నీలతో లెక్కవేయండి. 96,000 పెన్నీలు, 140 కిలోల వెండి. సెకనుకొకటి చొప్పున లెక్కపెట్టినా దాదాపు 27 గంటలు. సంచీ భుజాన వేసుకుని గోడ దూకే వ్యవహారం కాదు. గాథకారుడికి ఆ సంగతి తెలుసు. తర్వాత రాబిన్ దోచుకునే సన్యాసి దగ్గర 800 పౌండ్ల పైన ఉంటుంది. అతని వెంట 52 మంది మనుషులు, మూటలు మోసే గుర్రాలు ఏడు. వెండికే మూడు గుర్రాలు పడతాయి, తక్కినవి పరుపులకూ బట్టలకూ. లెక్క కుదిరింది.

అదే గాథలో నైటుకు బట్టలు ఇచ్చే ఘట్టం ఒకటుంది. రాబిన్ అనుచరుడు లిటిల్ జాన్ విల్లు కర్రనే గజంబద్దగా పట్టుకుని బట్ట కొలుస్తాడు, కొలిచిన ప్రతిసారీ మూడడుగులు ముందుకు దూకుతాడు. ఇదేం బట్టల కొట్టువాడయ్యా అని మచ్ ఈసడిస్తాడు. మొత్తం 39 భాగాల్లో ఇలాంటి చిలిపి దానగుణం ఒక్క నిమిషం చూపించినా మురిసిపోయేవాణ్ణి.

విల్లు సంగతికొద్దాం. జెరూసలేం యుద్ధాల నుంచి తెచ్చుకున్నట్టుగా సీరియల్ రాబిన్ చేతిలో కొసలు వంపు తిరిగిన పొట్టి విల్లు ఉంటుంది. ఆలోచన చెడ్డది కాదు. కానీ అలాంటి విల్లులో చెక్కకు లోపలివైపు కొమ్ము, బయటివైపు నరాలు జిగురుతో అతికిస్తారు. ఆ జిగురు తేమ పీలుస్తుంది. ఇంగ్లండు చినుకుల్లో, రాత్రంతా ఆకుల కింద పెడితే పొరలు వదులవుతాయి. తోలు ఒరలో పెట్టి కాపాడుకోవాలి. యూ చెట్టు కర్రతో చేసిన పొడుగు విల్లుకు ఈ బాధ తక్కువ. ఒకే కర్రలో పొట్టవైపు ఎర్రటి చేవ ఒత్తిడిని తట్టుకుంటుంది, వీపువైపు తెల్లటి పచ్చిపొర లాగుడును తట్టుకుంటుంది. జిగురు పనే లేదు. రాబిన్ కాలపు విల్లు ఒక్కటీ మిగల్లేదు గానీ, 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలో 137 విల్లులు చెక్కుచెదరకుండా దొరికాయి. సగటు పొడవు ఆరున్నర అడుగులు, లాగాల్సిన బలం 100 నుంచి 185 పౌండ్లు, అంటే 45 నుంచి 84 కిలోలు. అలాంటి విల్లును చెవిదాకా లాగి పట్టుకుని అరనిమిషం సంభాషణ చెప్పడం ఎవరివల్లా కాదు. లాగడం, వదలడం ఒకే ఊపులో అయిపోవాలి. తెర మీద నటులు బెదిరిస్తూ నిలబడగలుగుతున్నారంటే చేతిలో ఉన్నది తేలిక విల్లన్నమాట.

బాణం వెనకాల బాణం గుచ్చి నిలువునా చీల్చడం కూడా కర్ర ఒప్పుకోదు. కర్రలో నార కొసదాకా తిన్నగా పోదు, మధ్యలోనే పక్కకు తేలిపోతుంది. కాబట్టి చీలిక కొన్ని అంగుళాలు పోయి పక్కకు విరుగుతుంది. వీపు మీద అమ్ములపొది పెట్టుకుని చెట్ల మధ్య వంగి పరుగెడితే కొమ్మలకు తగులుకుంటుంది, లేదంటే బాణాలు జారి పడతాయి. ఇంగ్లండు విలుకాళ్లు నడుముకు, బెల్టులో దోపుకునేవాళ్లు.

ఇంత దెప్పాక ఒక మంచి మాట. మొదటి భాగంలో ఉరితాడు మీద వేలాడుతున్నవాళ్లను బాణంతో తాడు తెంపి రాబిన్ కాపాడతాడు, ‘వేలాడాక ఎలా బతికారు’ అని మీ వ్యాసకర్త ఎగతాళి చేశారు. అప్పటి ఉరిలో మనిషి కింద పడే దూరం చాలా తక్కువ. మెడ విరగదు, ఊపిరి ఆగి చావడానికి నిమిషాలు పడుతుంది. మెడ విరిగేలా పొడుగ్గా వదిలే పద్ధతి 1870లలో వచ్చింది. కాబట్టి బతకడం సాధ్యమే. కావలసిందల్లా బాణానికి వెడల్పు పదును ఉన్న మొన. కవచం పొడిచే సన్నటి మొన అయితే జనపనార పోగులను పక్కకు తోసి దూసుకుపోతుంది, తాడు తెగదు.

రిచర్డ్ విషయంలో కూడా సీరియల్ చేతిలో పడిన వజ్రాన్ని వదిలేసింది. 1194 మార్చిలో రిచర్డ్ జర్మనీ చెర నుంచి వచ్చి, తమ్ముడు జాన్ మనుషులు పట్టుకున్న నాటింగ్‌హామ్ కోటను ముట్టడించాడు. 28న కోట లొంగింది. మర్నాడే తను ఎప్పుడూ చూడని షెర్‌వుడ్‌ను చూడ్డానికి వెళ్లాడు, చాలా నచ్చిందట. ఆ ఒక్క రోజులో రాజుకూ రాబిన్‌కూ మధ్య ఏం జరిగిందో ఊహించుకోవడానికి చరిత్ర తలుపు బార్లా తెరిచి పెట్టింది. రచయితలు ఆ తలుపు పక్కనుంచే నడిచిపోయారు.

మేరియన్ చావు గురించి. గై చేతిలో ఆమె 2007 సీజన్ చివర చనిపోవడం చాలామందికి మింగుడు పడలేదు. నాకూ పడలేదు, కానీ కారణం వేరు. ఆమె పోయాక మూడో సీజన్‌లో నాటింగ్‌హామ్ కోట లోపలి కబురు రాబిన్‌కు ఆమెలా నిలకడగా అందించే మనిషి లేకుండా పోయింది, కథ వట్టి వెంటాటగా మిగిలింది. రాబిన్ చావును మాత్రం తప్పుపట్టలేం. సీరియల్‌లో గై చెల్లెలు ఇసబెల్లా విషపు కత్తి గీరి చంపుతుంది. పాత గాథలోనూ చంపేది ఆడమనిషే, కిర్క్‌లీస్ సన్యాసినుల మఠానికి పెద్ద, రాబిన్‌కు బంధువు. వైద్యం పేరుతో రక్తం తీస్తానని నరానికి చురకత్తి పెట్టి, పారనిచ్చి వదిలేస్తుంది. ఆ కత్తులను పట్టుగుడ్డలో చుట్టి తెచ్చిందని కూడా గాథ చెబుతుంది.

వ్యాసం రెండో భాగం వచ్చే వారం అని వేశారు కాబట్టి ఒక్క మనవి. అందులో ‘బందిపోటు’ తీసేసి ‘చట్టం వెలివేసినవాడు’ అని రాయించండి. మాట పొడుగైతే ‘వెలివాడు’ చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు