ఇంగ్లిష్‌లో స్టీల్‌కీ రాబ్‌కీ తేడా
ఫ్రెండ్స్, నిన్న ఒకరు గ్రూప్‌లో 'మై ఫోన్ వాజ్ రాబ్డ్' అని పెట్టారు కదా, చాలామందికి ఉన్న కన్‌ఫ్యూజనే అది. ఎత్తుకెళ్లిన వస్తువుకి స్టీల్ వాడాలి, దోపిడీకి గురైన మనిషికో బ్యాంకుకో అయితే రాబ్. అంటే 'మై ఫోన్ వాజ్ స్టోలెన్', అదే కత్తి చూపించి లాక్కుంటే 'ఐ వాజ్ రాబ్డ్'. స్టీలెడ్ అనే మాటే లేదు. ఊరెళ్లి వచ్చేసరికి తాళం పగలగొట్టి దోచుకుపోతే బర్గ్‌లరీ, షాపులో సబ్బు కొంగుచాటున దాచేస్తే షాప్‌లిఫ్టింగ్. మెడలో గొలుసు తెంపుకుపోవడం స్నాచింగ్, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో (నేరాలకి శిక్షలు చెప్పే చట్టం) దీనికి విడిగా 304వ సెక్షనే పెట్టారు. అన్నట్టు, లూట్ అనే మాటని ఇంగ్లిష్ వాళ్లు హిందీ నుంచే ఎత్తుకెళ్లారు, ఇంతవరకు తిరిగివ్వలేదు!