గోడకు నెమ్ము, అద్దెదారుకు జరిమానా

సంపాదకుడు గారికి,

అయ్యా,

జూన్‌లో నైరుతి వానలు మొదలైనప్పటి నుంచి నవంబరు తుపాన్లు దాటిపోయేదాకా విశాఖపట్నంలో అద్దె ఇళ్ల గోడలు నెమ్మెక్కి, బట్టల బీరువాల్లోకి సైతం బూజు పాకడం ఏటా చూస్తున్నదే. సముద్రం పక్కన ఇది మామూలేనని యజమానులు కొట్టిపారేస్తారు. తీరా ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, కిటికీలు మూసి ఉంచి గోడలు పాడుచేశారంటూ రంగుల ఖర్చును అడ్వాన్సులో కోసుకుంటారు. ఈ పద్ధతి అన్యాయమని చెప్పడానికే ఈ లేఖ.

నెమ్ము అంతా ఒక్క తీరుది కాదు. పైకప్పు మూల నుంచి పసుపు మరకగా దిగేది సాధారణంగా స్లాబు పగుళ్ల వల్లనో, పిట్టగోడ వారన నీరు నిలవడం వల్లనో వస్తుంది. స్నానాలగది అవతలి గోడ మీద కనిపించేది టైల్స్ అతుకుల నుంచో, గోడలో పూడ్చిన పైపు నుంచో ఊరే నీరు. నేల నుంచి మోకాలెత్తు వరకు ఎగబాకి, పుట్టీని పొక్కులు పొక్కులుగా లేపి, గోటితో గీకితే తెల్లని ఉప్పు రాల్చే నెమ్ము పునాది నుంచి పైకి వచ్చేది. వీటిలో ఏదీ అద్దెదారు కిటికీ తెరిచినంత మాత్రాన ఆగదు. నీటి దారి మూయకుండా పైన రంగు పూయిస్తే, మళ్లీ వానలు పడేసరికి ఆ రంగు కూడా పెచ్చులుగా ఊడిపోతుంది.

మంచం తలాపున, బీరువా వెనక, గాలి ఆడని మూలల్లో నల్లటి చుక్కలుగా పట్టే బూజు సంగతి వేరు. గదిలోనే ఆరేసిన బట్టలు, మూత లేకుండా ఉడికే వంట, వేణ్ణీళ్ల ఆవిరి దానికి చాలావరకు కారణాలు కనుక, అద్దెదారులుగా మనం ఎగ్జాస్ట్ ఫ్యాను వేయడం, సామాన్లను గోడకు జానెడు ఎడంగా జరపడం, పట్టిన బూజును పొడిచీపురుతో దులపకుండా సబ్బునీళ్ల తడిగుడ్డతో తుడవడం మన పనిగానే ఎంచాలి. అయితే ఉక్క, తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో 6వ వంతుకు తగ్గకుండా గాలి వచ్చే మార్గాలు ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుండగా, పక్కింటి గోడకు చేయి అందే దూరంలో ఒకే కిటికీ పెట్టి కట్టిన గదిలో అద్దెదారు మాత్రం ఏం చేయగలడు?

తప్పెవరిదో తేల్చుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు ఉంచితే, గోడవైపు నీటిబొట్లు పడితే తేమ గోడలోదని, గదివైపు పడితే గాలిలోదని చాలావరకు తెలిసిపోతుంది. ఇది ఇంటి అందానికి సంబంధించిన తగాదా కూడా కాదు. నెమ్ము, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవారికి ఉబ్బసం, శ్వాసకోశ బాధలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు వెలువరించింది.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, అద్దెదారు చేసిన నష్టం తప్ప కట్టడానికి సంబంధించిన మరమ్మతులను, గోడలకు వెల్ల వేయించడాన్ని, అవసరమైనప్పుడు పైపులు మార్పించడాన్ని యజమాని బాధ్యతగానే పేర్కొంది. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని కూడా అంది. కానీ మనం మామూలుగా రాసుకునే 11 నెలల ఒప్పందాల్లో, అద్దె ఏ తేదీలోగా కట్టాలో ఉంటుందే తప్ప స్లాబు కారితే ఎవరు బాగుచేయించాలో ఒక్క ముక్క ఉండదు.

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం అద్దె ఒప్పందానికి ఒక నమూనా పత్రం తయారుచేసి, ఇంట్లో దిగే రోజున గోడల స్థితిని ఫోటోలతో సహా అందులో నమోదు చేయాలన్న షరతు, ఏటా మే నెలలో డాబా, వాననీటి గొట్టాలు, స్నానాలగది పైపులను యజమాని తనిఖీ చేయించాలన్న షరతు చేర్చాలని కోరుతున్నాను. గోడలోంచి ఊరిన నీటి వల్ల చెడిన రంగులకు అడ్వాన్సులో పైసా కూడా మినహాయించరాదని ఆ పత్రంలో స్పష్టంగా ఉండాలి.

ఇట్లు,
ఒక అద్దెదారు,
విశాఖపట్నం