జీడిపెంకుతో జుంకాలు వద్దు

సంపాదకులకు,

నమస్కారం. వ్యర్థాలతో నగలు చేయడం నేర్పే తరగతులు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కళాశాలల్లోనూ మహిళా సంఘాల్లోనూ జరుగుతున్నాయి. వాటి వార్తలకు ‘చెత్త నుంచి నగ’ అని శీర్షిక పెడుతున్నారు. ఆ మాట మానమని కోరుతున్నాం. బొబ్బిలి వీణ తొలచగా మిగిలిన పనస ముక్క చెత్త కాదు. పొందూరులో ఖద్దరుకు పత్తి దువ్వే వాలుగ చేప దవడా చెత్త కాదు. ఆ నగ ఏ ఊరిదో, ఏ పని వెనకాల నుంచి వచ్చిందో చెప్పేది ఆ వస్తువే. దాన్ని చెత్త అనుకున్నప్పుడు దాని స్వభావం నేర్చుకోవాలనిపించదు. అందుకే వేడి జిగురు కార్చే గ్లూ గన్‌తో అతికించి ఊరుకుంటున్నారు.

బంగారం కాకపోతే నగే కాదనే నమ్మకాన్ని ప్రశ్నించినవారు బయట ఎందరో ఉన్నారు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఒట్టో కుంజ్లి 1980లో ఒక బంగారు గుండును నల్ల రబ్బరు కడియంలో దాచేసి, బంగారం కళ్లు కప్పుతుందనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పైకి కనిపించేది చిన్న ఉబ్బు మాత్రమే. కాసులపేరు తూకాన్ని బట్టి పెళ్లివారి స్థాయి లెక్కగట్టే మన దగ్గర ఆ కడియం ఇంకా గట్టిగా తగలాలి.

అలాగని చేతికందిన ప్రతిదీ నగకు పనికిరాదు. పలాస జీడిపెంకు వంపు చూస్తే జుంకా చేయాలనిపించడం సహజం. కానీ ఆ పెంకు పొరల మధ్య అరల్లో ఉండే నూనె చర్మాన్ని పొక్కిస్తుంది. కాల్చిన పెంకులోనూ కొంత మిగులుతుంది. వార్నిష్ వేశాం కదా అనుకోవద్దు, చెమటకు పొర లేచిన చోట చెవి తమ్మె పుండవుతుంది. గురువింద గింజ అంతకన్నా ప్రమాదం. పైతోలు గట్టిగా ఉన్నంతవరకే అది మనల్ని కాపాడుతుంది. డ్రిల్ పెట్టగానే రాలే పొడిలో విషం ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఆ దండే ఉండకూడదు. నల్లటి పూస కావాలంటే కుంకుడు గింజ ఉంది. చెక్కదిమ్మలో గుంట తీసి, గింజను అందులో బిగించి, 1 మి.మీ. బిట్‌తో నెమ్మదిగా తొలవాలి. తొందరపడితే గింజ జారి వేలికి దిగుతుంది.

పనస ముక్కలతో పని హాయిగా సాగుతుంది. 5 మి.మీ. మందాన కోసి, 120, 220, 400 నంబరు ఉప్పుకాగితాలు వరసగా పట్టాలి. రంధ్రానికీ అంచుకూ మధ్య కనీసం 3 మి.మీ. వదలకపోతే పోగు వెంట చీలుతుంది. లక్క వార్నిష్ మెరుస్తుంది గానీ చెమటకు, అత్తరుకు తెల్లబారుతుంది. ఒంటికి తగిలే వైపు అవిసె నూనె పల్చగా పట్టించి వారం ఆరనివ్వడం మేలు. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి, దానంతటదే నిప్పంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, పరిచి ఆరేయాలి. కొత్త పనస పసుపు రంగు వెలుతురుకు గోధుమ రంగులోకి తిరుగుతుంది. కొన్నవారికి ముందే చెబితే రంగు పోయిందని వెనక్కి తీసుకురారు.

వాలుగ దవడను ఉడకబెట్టకూడదు. ఎముక పెళుసెక్కి, కొవ్వు లోపలికి దిగి, తర్వాత వాసన కొడుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో, రోజూ నీళ్లు మారుస్తూ కొన్ని రోజులు నాననిచ్చి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఒక రోజు ఉంచి, నీడన ఆరబెట్టాలి. బట్టలకు వాడే బ్లీచ్ వేస్తే ఎముక సున్నంలా రాలుతుంది. సాన పట్టేటప్పుడు తడిగా పట్టాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. ఆ సన్నని పళ్ల వరుస పైకి కనబడితేనే ఆ నగ పొందూరు మాట చెబుతుంది. అదే వరుస మెడకు గుచ్చుకోకుండా వెనక పనస పలక వేయాలి.

ఆ రెంటినీ కలిపేది శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి కావచ్చు. గ్లూ మన వైశాఖపు ఎండకు, నిలిపిన కారులోని వేడికి మెత్తబడుతుంది. రివిట్ అయితే, అంటే రంధ్రంలో తీగ దూర్చి రెండు తలలూ పరిచి బిగిస్తే, నిలుస్తుంది. 1.5 మి.మీ. ఇత్తడి తీగకు 1.6 మి.మీ. రంధ్రం చాలు. తీగ రెండు వైపులా 1 మి.మీ. మించకుండా బయటికి ఉండాలి. చిన్న సుత్తితో ఇటు రెండు, అటు రెండు తేలిక దెబ్బలు వేస్తూ తల పరచాలి. ఒకే వైపు గట్టిగా కొడితే లోపల తీగ ఉబ్బి కొయ్య చీలుతుంది. ఎముక వైపు తల కింద సన్నని వాషర్ బిళ్ల తప్పనిసరి. ఇత్తడిని మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారిస్తే వంగుతుంది. ఇంకా కాలిస్తే జింకు తెల్లటి పొగై లేస్తుంది, పీల్చినవారికి ఆ రాత్రే చలిజ్వరం. కంచు వేరు. తగరం పాలు ఎక్కువ కాబట్టి చల్లగా ఉన్నప్పుడు సుత్తి వేస్తే పగులుతుంది. చెవికి దిగే కొక్కెం మాత్రం వెండిదే పెట్టండి, ఇత్తడి పచ్చగా చిలుముతుంది. జుంకా ఒక్కోటి 8 గ్రాములు దాటకపోతే తమ్మె సాగదు.

తాడుకు గోగునార బాగుంటుంది. పేనిన తాడుకు 2 కిలోల బరువు రాత్రంతా వేలాడదీసి, తెగనిదే వాడాలి. తడి ఆరకముందే ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పడుతుంది. సముద్రపు ఒడ్డున దొరికే తాబేలు పెంకు జోలికి వెళ్లొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

సీతంపేట వైపు సవర, జాతాపు గిరిజన ఆడవాళ్లు వేసుకునే పూసల దండల అల్లిక చూసి, పట్నంలో అలాగే గుచ్చి ‘ట్రైబల్ సెట్’ అని అమ్మడం మాకు బాధగా ఉంది. న్యూజిలాండ్‌లో 1988లో ఎముక, రాయి, గవ్వలతో చేసిన నగల ప్రదర్శన జరిగినప్పుడు, ఆ వస్తువులు అక్కడి ఆదివాసులైన మావోరీల సంప్రదాయంలోవి కదా, వాటిమీద ఎవరికెంత హక్కు అన్న చర్చ నడిచింది. మన దగ్గర ఆ చర్చ ఇంకా మొదలు కాలేదు. అల్లిక నేర్పిన మనిషికి కూలి కాదు, అమ్మకంలో వాటా ఇవ్వాలి. వారు ఒప్పుకుంటే నగ వెంట వారి పేరు వెళ్లాలి.

మీ విలేకరులు ఇకపై ఇలాంటి ప్రదర్శన గురించి రాసేటప్పుడు ఫొటో కింద మూడు వివరాలు వేయండి: వస్తువు ఏమిటి, ఏ ఊరిది, చేసిందెవరు. శిక్షణ ఇచ్చేవారు మొదటి రోజు గ్లూ గన్ బదులు చేతి డ్రిల్, చిన్న సుత్తి, మీటరు ఇత్తడి తీగ ఇవ్వండి.

ఇట్లు,
కొయ్య, లోహపు నగల పనివారు కొందరు,
విజయనగరం