ఈసారి 'పర్లేదు' అనకురా

మద్రాసు,
ఆదివారం

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేంటి అంటావేమో. ఫోన్‌లో అయితే మళ్లీ మాట దాటేస్తాను, అందుకని.

మొన్న వినాయక చవితి మర్నాడు పొద్దున్నే, కింద వాటాలో ఉండే స్టీలు సామాన్ల సేఠ్ గారు మా గుమ్మం ముందుకొచ్చి, చేతులు జోడించి 'మిచ్ఛామి దుక్కడం' అన్నారు. మా షావుకారుపేటలో జైనులు ఎక్కువని తెలుసుగా. వీళ్లు పర్యుషణ పర్వం ఎనిమిది రోజులు చేసి, చివరి రోజు సంవత్సరినాడు తెలిసినవాళ్లందరికీ ఇలా క్షమాపణ చెప్పుకుంటారు. ప్రాకృతం మాట అది. నావల్ల జరిగిన చెడు ఫలించకుండా పోవాలి అని అర్థం. వేసవిలో నీళ్ల మోటారు దగ్గర గొడవైనప్పుడు అరిచింది నేను. అంత పెద్దాయన, ముందు తనే మెట్లెక్కి వచ్చారు. నాకు నోట మాట రాలేదు.

పొరపాటున ఎవరికైనా కాలు తగిలితే ఆలోచించకుండానే వాళ్లని తాకి కళ్లకద్దుకుంటాం కదా. చెయ్యి అంత తేలిగ్గా వెళ్తుంది, నోరే పెగలదు. ఇంట్లో మాట తూలితే కాసేపాగి 'తిన్నావా?' అంటాం. మా ఆవిడ దగ్గర నేను చేసేదీ అదే. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ తప్పు ఒప్పుకున్నట్టు కాదుగా. ఆఫీసులో మాత్రం ప్రతి మెయిల్‌కీ ఒక సారీ.

నీకు పెట్టిన మెసేజ్ మళ్లీ తీసి చూశాను. 'సారీ రా, ఆఫీసులో రిలీజ్ ఉంది, అర్థం చేసుకో.' తండ్రి పోయిన నీకే అర్థం చేసుకునే పని కూడా అప్పజెప్పాను. నిజం చెప్తున్నా, నేను సెలవు గట్టిగా అడగనేలేదు. ఇంటర్ పరీక్షలకి మనిద్దర్నీ స్కూటర్ మీద దింపి, మూడు గంటలు బయట చింతచెట్టు కింద కూర్చున్న మనిషి. ఆయన పెద్దకర్మకి రాకపోవడం నా తప్పు. క్షమించరా.

అప్పుడు నువ్వు వెంటనే 'పర్లేదురా' అన్నావు. ఆ మాట పట్టుకుని ఏడాది గడిపేశాను. ఈసారి అలా అనకు, కోపముంటే తిట్టు.

శనివారం పినాకినికి టికెట్ తీశాను, రాత్రికి బెజవాడలో దిగుతా. స్టేషన్‌కి రావద్దు, నేనే ఇంటికొస్తాను. ముందు అమ్మతో మాట్లాడాలి.

నీ
నేస్తం